“యాడికి పోవాల ఆశమ్మా?”: దారి చెప్పడానికీ శిక్షణ కావాలి

కర్నూలు జిల్లా పడమటి కొసన, కోసిగి వైపు ఒక ఊరు అనుకుందాం. ఇరవై ఏళ్ల అమ్మాయికి ఏడు నెలలు నిండాయి. నర్సమ్మ వేలు గుచ్చి రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 6.5 ఉంది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క. ఆ నెలల్లో అంత తగ్గితే ఇంట్లో మాత్రలు మింగుతూ కూర్చునే దశ దాటిపోయినట్టే. ఆస్పత్రిలో చేర్చుకుని చూడాలి. నర్సమ్మ చీటీ రాసిచ్చింది. ఆశా కార్యకర్త ఆ చీటీ పట్టుకుని ఇంటికి వెళ్లి, శిక్షణలో నేర్పినదంతా పొల్లుపోకుండా చెప్పింది. రక్తం తక్కువైతే కాన్పులో తల్లి ప్రాణానికి ప్రమాదం, బిడ్డ బరువు తగ్గుతుంది, పెద్దాసుపత్రికి తీసుకుపోవాల అని.

అత్తగారు అంతా విని ఇలా అడిగింది. “పెద్దాసుపత్రంటే యాడికి పోవాల ఆశమ్మా? ఆదోనికా, కర్నూలుకా? పొద్దున పోతే మాపటికి ఇల్లు చేరతామా, ఆడే ఉండమంటారా? దుడ్లు ఎంత పెట్టుకోవాల? పోయి ఎవర్నడగాల?”

ఇందులో ఒక్క ప్రశ్న కూడా రక్తహీనత గురించి కాదు. కోడలికి ఒంట్లో బాగాలేదని ఆమెకు తెలుసు, పంపకూడదని కూడా ఆమె అనుకోవడం లేదు. తెలియని ఊళ్లో, తెలియని కౌంటర్ల మధ్య ఏమవుతుందోనన్న టెన్షన్ ఆమెది. ఆశా కార్యకర్త దగ్గర వీటికి సరైన జవాబు లేకపోతే ఆ చీటీ దేవుడి పటం వెనక చేరుతుంది. ఆ సాయంత్రమే ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి ‘బలం బాటిల్’ ఒకటి ఎక్కించి పోతాడు.

మన దగ్గర క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే శిక్షణలో తక్కువైంది జబ్బుల గురించిన చదువు కాదు. జబ్బు ఉన్న మనిషికీ వైద్యం దొరికే గదికీ నడుమ ఉన్న దారి గురించిన చదువే తక్కువైంది.

ఒకప్పుడు ఈ దారి ఇంత వంకరగా ఉండేది కాదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వ్యవస్థ మొదలైనప్పుడు అందరి ముందూ ఉన్న పెద్ద పని ఒక్కటే, ఇంట్లో జరిగే కాన్పుల్ని ఆస్పత్రికి తేవడం. అదే ఏడాది ఆస్పత్రి కాన్పుకు నగదు సాయమిచ్చే జననీ సురక్షా యోజన వచ్చింది, ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. “నొప్పులు రాగానే 108కి ఫోన్ చెయ్యండి, ఆస్పత్రికి పోదాం” అంటే సరిపోయేది. ఆ పని చాలావరకు అయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. కాన్పుకు ఆస్పత్రికి వచ్చే మనిషికే, అంతకు ముందు నెలల్లో అందాల్సినవి అందలేదన్నమాట. బీపీ, షుగర్, క్షయ, రొమ్ములో గడ్డ, మనసు బాగోకపోవడం లాంటివేవీ ఒక్కసారి ఆస్పత్రికి పోయివస్తే తీరేవి కావు. పదిసార్లు తిరగాలి, ఒక్కోసారి ఒక్కో తలుపు తట్టాలి.

ప్రసూతి మరణాల గురించి చదివేవాళ్లకు ‘మూడు ఆలస్యాలు’ అన్న మాట పరిచయమే. 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మైన్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన లెక్క అది: పోవాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మన శిక్షణల బరువంతా మొదటి దాని మీదే పడుతోంది. అవగాహన కల్పించండి, ఒప్పించండి అంటారు. రెండో ఆలస్యాన్ని అంబులెన్సుకు, మూడోదాన్ని ఆస్పత్రికి వదిలేస్తారు. కానీ పై అత్తగారి మాటలు మళ్లీ వింటే, ముందు ఏమవుతుందో తెలియకపోవడం వల్లే ఆమె నిర్ణయం ఆగిపోయిందని అర్థమవుతుంది. మూడో ఆలస్యం మీది భయమే మొదటి ఆలస్యానికి కారణమవుతోంది.

ఆశాలకు మొదట అనుకున్న ప్రవేశ శిక్షణ 23 రోజులు, విడతలు విడతలుగా. తర్వాత ఆరో నంబరు, ఏడో నంబరు కరదీపికలు వచ్చి మరో 20 రోజులు కలిశాయి. పసిబిడ్డ బరువు తూచడం, జ్వరం చూడటం, తల్లిపాలు పట్టించడం, ప్రమాద సూచనలు గుర్తుపట్టడం లాంటివి చేతులతో చేయించి నేర్పే భాగాలు వాటిలో ఉన్నాయి, అవి నిజంగా మంచివి. గడ్చిరోలిలో అభయ్ బంగ్ బృందం ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పి శిశు మరణాలు తగ్గించవచ్చని 1999లో ప్రచురించిన అధ్యయనం ఆ పాఠాల వెనక ఉంది. చదువు పెద్దగా లేని మనిషికి కూడా ఎంత సున్నితమైన పనైనా నేర్పవచ్చని తేలిపోయింది. బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం నేర్పగలిగిన వాళ్లు ఓపీ కౌంటర్ దగ్గర ఏం అడగాలో నేర్పలేరా? ‘పై ఆస్పత్రికి పంపండి’ అన్న వాక్యం దగ్గర పాఠం ముగుస్తుంది, అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే.

ఇక్కడ ఆర్‌ఎంపీ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. పల్లెల్లో దారి చూపే పనిలో అందరికన్నా ఆరితేరినవాడు అతనే. అతని వైద్యం సంగతి వేరు, టౌన్లో నర్సింగ్‌హోములిచ్చే కమీషన్ సంగతి అందరికీ తెలిసిందే. కానీ అతను చేసేదేమిటో చూడండి. చీటీ చేతిలో పెట్టి పొమ్మనడు. బండి వెనక కూర్చోబెట్టుకుంటాడు, లేదా ఫోన్ చేసి “సార్, మా ఊరి పేషెంటు వస్తాంది” అని చెబుతాడు. పోతే ఎంతవుతుందో ముందే ఒక అంకె చెబుతాడు. తిరిగొచ్చాక ఇంటికొచ్చి ఎట్లుందని అడుగుతాడు. ఉచితంగా వైద్యం దొరికే చోటు ఉండగా జనం అప్పు చేసి అతని వెంట పోవడానికి కారణం మూఢత్వం కాదు. అటువైపు దారి తెలుస్తోంది, ఇటువైపు తెలియడం లేదు. కమీషన్ ఒక్కటి తీసేస్తే అతను చేసే ఆ నాలుగు పనులే ఆశాలకు నేర్పాల్సిన పాఠం.

ఆరోగ్యశ్రీ సంగతే చూద్దాం. ఆ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పద్దెనిమిదేళ్లు దాటినా, ముందు ఏదో ఒక ఆస్పత్రికి పోయి, టెస్టులకు చేతి డబ్బు కట్టి, ఆపరేషన్ అన్నాక “ఇక్కడ కార్డు చెల్లుతుందా?” అని అడిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఒక ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఉందంటే అన్ని జబ్బులకూ ఉన్నట్టు కాదు. ఎముకలకు ఉండి గుండెకు లేకపోవచ్చు. అందుకే ఊరు కదలక ముందే 104కు ఫోన్ చేసి ఫలానా జబ్బుకు ఫలానా ఆస్పత్రిలో ఉందా అని కనుక్కోవాలి. చేరాక డాక్టరు కన్నా ముందు, ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి పోవాలి. ఆధార్, రేషన్ కార్డు సంచిలో ఉండాలి, రెండింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. ఇదంతా కలిపి పావుగంట పాఠం. ఆ పావుగంట ఒక కుటుంబానికి మిత్తి అప్పు తప్పిస్తుంది.

అన్నట్టు, పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చింది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. ఊరి క్లినిక్‌కు కూడా రెండు మూడు పేర్లున్నాయి. జనం మాత్రం “ఆరోగ్యశ్రీ కార్డు” అనే అంటారు. శిక్షణలో కొత్త పేరు మాత్రమే నేర్పితే ఆశా చెప్పేది వేరే పథకమేమో అనుకునే ప్రమాదముంది. కాగితం మీద రాసే పేరు ఒకటి, నోటితో చెప్పాల్సిన పేరు ఒకటి అని నేర్పడం మేలు.

మాటల తేడా పేర్లతో ఆగదు. ‘రక్తహీనత’ పుస్తకం మాట, ఇంట్లో అది ‘రత్తం తక్కువ’. ఆదోని, రాయదుర్గం వైపు కన్నడం కలిసిన తెలుగు వినిపిస్తుంది, కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ. తండాల్లో ముసలివాళ్లకు లంబాడీలో చెబితే తప్ప తలకెక్కదు. పోయే ఆస్పత్రి కూడా ఎప్పుడూ జిల్లా కేంద్రంలోనే ఉండదు. ఆదోని పక్కవాళ్లకు బళ్లారి, హిందూపురం పక్కవాళ్లకు బెంగళూరు, కడప జిల్లా కింది మండలాలకు తిరుపతి దగ్గరనిపిస్తాయి. విజయవాడలో తయారైన ఒకే పటం ఈ మూడు చోట్లా పనికిరాదు. దారి పటం ఎక్కడికక్కడ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) స్థాయిలో, ఆశాలే కూర్చుని గీసుకోవాలి. మా ఊరి నుంచి ఏ బస్సు ఎన్ని గంటలకు, స్కానింగ్ ఏ రోజుల్లో తీస్తారు, ఆదివారం ఎవరుంటారు, పాము కరిస్తే మందు ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏది అన్నవి అందులో ఉండాలి. గర్భిణులకు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టరు ప్రత్యేకంగా చూసే కార్యక్రమం 2016 నుంచి ఉంది. ఆ తేదీ తెలిసిన మనిషి 8న బట్టలు సర్దుకుంటుంది, తెలియనిది 12న పోయి వరసలో నిలబడుతుంది.

పటం గీశాక దాని మీద నడిపించాలి. శిక్షణ హాల్లో మూడు రోజులు ప్రొజెక్టర్ ముందు కూర్చోబెట్టడం కంటే, ఒక్క పూట కర్నూలు పెద్దాసుపత్రిలో తిప్పి చూపడం ఎక్కువ పని చేస్తుందని అనిపిస్తుంది. పదిహేను మంది ఆశాలు పొద్దున్నే రోగుల్లాగే బస్సు దిగాలి. ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారో వెతుక్కోవాలి. గర్భిణుల విభాగం ఏ పక్క, రక్తనిధి ఎక్కడ, ఆరోగ్యమిత్ర కూర్చునేదెక్కడ, తోడొచ్చినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారు, మంచినీళ్ల కొళాయి ఎక్కడ అన్నీ కళ్లతో చూడాలి. ఒకరిద్దరు నర్సులతో, సోషల్ వర్కర్‌తో పేరు పెట్టి పలకరించేంత పరిచయం కావాలి. ఇంత చేసి వచ్చిన మనిషి, “మెట్లెక్కగానే ఎడం పక్క కిటికీ, అక్కడ నీలం చీర సిస్టర్ ఉంటాది, నా పేరు చెప్పు” అని చెప్పగలదు. అత్తగారికి కావలసింది అదే. వరసలో నిలబడి గంటన్నర విసిగిన ఆశాకు, రోగి ఎందుకు మధ్యలో వెనక్కి వచ్చేస్తాడో కూడా ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

చెప్పే తీరుకూ సాధన కావాలి. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు అత్తగారు, ఒకరు ఆశా అన్నట్టు మాట్లాడించవచ్చు. ఇక్కడ ముఖ్యంగా అలవాటు కావాల్సింది, చెప్పినదాన్ని తిరిగి చెప్పించుకోవడం. “అర్థమైందా?” అని అడిగితే ఎవరైనా “ఆఁ” అంటారు. “పెద్దమ్మా, నేను సరిగ్గా చెప్పినానో లేదో నాకే అనుమానంగా ఉంది. రేపు పొద్దున లేచి ముందేం చేస్తారో ఒక్కసారి చెప్పు” అంటే మర్యాదకు మర్యాద, పరీక్షకు పరీక్ష. 108కు ఫోన్ చేసి ఊరు గుర్తుపట్టేలా చెప్పడం కూడా సాధన చేయించాల్సిందే. ఒక్కో జిల్లాలో ఎన్ని కొత్తపల్లిలు, ఎన్ని రామాపురాలు! రాత్రి రెండు గంటలకు కంగారులో ‘రామాపురం’ అని మాత్రమే చెబితే బండి ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

గుట్టు కాపాడటం గురించి శిక్షణలో ఒక్క వాక్యంతో సరిపెడతారు. అది చాలదు. దగ్గు రెండు వారాలు దాటిన మనిషిని గళ్ల (కఫం) పరీక్షకు పొమ్మని బజారులో అందరి ముందు చెబితే ఆ మనిషి మళ్లీ ఆశా మొహం చూడడు. మనసు బాగోలేనివాళ్లకు 14416 నంబరు ఉంది, 2022 నుంచి తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు గోడ మీద రాయడం తేలిక. ఎవరికి, ఎప్పుడు, ఎవరూ లేని వేళ చూసి ఎలా చెప్పాలన్నది నేర్పాల్సిన విషయం.

దారి బాగా నేర్పినా అటు చివర తలుపు తెరిచి ఉండాలి కదా! స్కానింగ్ మిషన్ చెడిపోయిందనీ, గైనకాలజిస్టు సెలవులో ఉన్నారనీ అక్కడికి చేరాకే తెలిస్తే ఆ రోజు కూలీ పోయింది, బస్సు ఛార్జీ పోయింది. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి ఆశా మాట ఎవరూ వినరు, తప్పు ఆమెది కాకపోయినా ఊళ్లో మాట పడేది ఆమే. ప్రతి పీహెచ్‌సీకీ ఆశాల వాట్సాప్ గ్రూపు ఉంటుంది. అందులో పైనుంచి ఆదేశాలు, కింది నుంచి ఫొటోలు, మధ్యలో గుడ్ మార్నింగులు తిరుగుతుంటాయి. ‘ఈ శుక్రవారం స్కానింగ్ లేదు, ఎవరినీ పంపొద్దు’ అన్న ఒక్క మెసేజ్ ఆ ఫొటోలన్నిటికన్నా విలువైనది. దీనికి ఆశాల కన్నా ముందు ఆస్పత్రి సిబ్బందికి శిక్షణ కావాలేమో.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనుభవం ఈ విషయంలో చూడదగ్గది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆ సంస్థకు ఊళ్లలో సొంత ఆరోగ్య కార్యకర్తలుంటారు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లుల్లో సొంత ఆస్పత్రులూ ఉన్నాయి. పంపేవాళ్లు, చేర్చుకునేవాళ్లు ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు చీటీకి విలువ పెరుగుతుంది. చేరారో లేదో అడగడానికి ఒక మనిషి ఉంటారు. ప్రభుత్వ వ్యవస్థలో ఊరి క్లినిక్ ఒక విభాగం, ఏరియా ఆస్పత్రి ఇంకో విభాగం, బోధనాసుపత్రి మరో విభాగం. చీటీ పైకి పోతుంది, కిందికి జవాబు రాదు. అక్కడ ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఏ మందు మార్చారు అన్నది ఆశాకు తెలియాలంటే రోగి సంచిలోని కాగితాలే దిక్కు.

శిక్షణ ఫలించిందో లేదో కొలిచే తీరు కూడా ఇక్కడే తేలిపోతుంది. చివరి రోజు ‘ఐరన్ మాత్రలు ఎన్ని రోజులు వాడాలి?’ అని అడిగితే అందరూ 180 అని రాస్తారు, అందరికీ మార్కులొస్తాయి. మూడు నెలల తర్వాత నెలవారీ ఆశా డే నాడు, “మీరు పంపినవాళ్లెందరు, చేరినవాళ్లెందరు, చేరనివాళ్లు ఎక్కడ ఆగారు?” అని అడిగితే వచ్చే జవాబులే అసలు మార్కులు. ఒక ఊరి నుంచి నలుగురు ఒకే కౌంటర్ దగ్గర ఆగిపోతే దిద్దాల్సింది ఆ కౌంటర్‌ను.

2019 నుంచి రాష్ట్రంలో ఆశాలకు నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తున్నారు, దేశంలో చాలాచోట్ల కన్నా ఇది మెరుగే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ కలిపి పురస్కారమిచ్చింది. కానీ గర్భిణికి తోడుగా కర్నూలుకు పోయి రెండు రోజులుంటే ఆ ఛార్జీలు, తిండి ఎవరి ఖాతాలో? ఆ రెండు రోజుల సర్వే, యాప్‌లో ఎక్కించాల్సిన వివరాలు ఎవరు చేస్తారు? తోడు వెళ్లడాన్ని పనిగా లెక్కపెట్టకుండా దాన్ని శిక్షణలో ఎంత గొప్పగా చెప్పినా లాభం లేదు.

ఇక రాయలసీమలో దారి ఎక్కువగా తెగేది ఊరి పొలిమేర దగ్గర. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అత్తింటి ఊరి ఆశా ఆరు నెలలు వెంటబడి పేరు నమోదు చేయించి, టీకాలు వేయించి, రక్తం చూపిస్తుంది. శ్రీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి పంపగానే ఆ వివరాలన్నీ ఒక కార్డులో ముడుచుకుపోతాయి. పుట్టింటి ఊరి ఆశాకు ఈ అమ్మాయి కొత్త. కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి బిడ్డను చూడాల్సింది ఆమే. ఈ ఊరి ఆశా ఆ ఊరి ఆశాకు ఒక్క ఫోన్ చేసి “వదినా, మా కోడలు మీ ఊరికొస్తాంది, రత్తం 8 ఉంది, కాస్త చూసుకో” అని చెప్పడం ఏ కరదీపికలోనూ పాఠంగా కనిపించదు. ఈ అప్పగింతను శిక్షణలో చేర్చడానికి పైసా ఖర్చు లేదు.

దారి తెగే రెండో సందర్భం సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం. ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు సీమకు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. ఇళ్లకు తాళాలు, ముసలివాళ్లే కాపలా. క్షయ మందులు మధ్యలో ఉన్నవాడు, బీపీ మాత్రలు మింగే ఆమె, టీకాలు సగంలో ఉన్న బిడ్డ అందరూ ఒకే లారీలో ఎక్కుతారు. క్షయకు కనీసం ఆరు నెలలు మందు వాడాలి, మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. క్షయ రోగిగా నమోదు చేసినప్పుడు ఇచ్చే నిక్షయ్ నంబరు చేతిలో ఉంటే అక్కడి పీహెచ్‌సీలోనూ మందులు ఇవ్వగలరు, మంచి తిండి కోసం నెలకు ఇచ్చే 1,000 రూపాయలు అదే బ్యాంకు ఖాతాలో పడతాయి. ఈ సంగతి రోగికి తెలియాలంటే లారీ వచ్చే ముందు వారమే ఆశా ఆ ఇల్లు తొక్కాలి. తల్లీబిడ్డ కార్డు, నిక్షయ్ నంబరు రాసిన కాగితం, నెల మందులు ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం మూటలో కాకుండా పైసంచిలో పెట్టించాలి. మేస్త్రీ ఫోన్ నంబరు రాసుకోవాలి. వాళ్లు ఏ ఊరి పొలాల్లో దిగారో ముందు తెలిసేది అతనికే.